డిచ్‌పల్లి వైద్యశాల: స్వస్థత పొందినవారి మిగిలిన దినములు

శతాబ్ది సంచికకు డిచ్‌పల్లి వైద్యశాలను గూర్చి వ్రాయవలసినదిగా సంపాదక వర్గమువారు కోరినప్పుడు మేము వెంటనే ఒప్పుకున్నాము. పని సులభమని తోచినది. సంవత్సరములు తెలిసినవే, పేర్లు తెలిసినవే. పునాదిరాయి ఎవరు వేసినారు, వార్డులు ఎవరు కట్టించినారు అని వరుసగా వ్రాసుకొని పోవచ్చును. అయితే కలము పట్టి కూర్చున్న తరువాత మాకు కట్టడములు జ్ఞాపకము రాలేదు. ఒక వృద్ధురాలి చేతులు జ్ఞాపకము వచ్చినవి. కనుక ప్రియ పాఠకులు ఓపిక పట్టవలెను. కట్టడముల సంగతి ఈ సంచికలో మాకంటె బాగుగా తెలిసినవారు వ్రాయుదురు.

మేము గురువుగా అభిషేకము పొందిన తొలి దినములలో ఈ జిల్లాలోని ఒక పల్లె సంఘమునకు సంస్కార ఆరాధన జరిపించుటకు పోయినాము. పీఠము ముందర మోకరించినవారిలో డెబ్బది యేండ్లు దాటిన ఒక తల్లి ఉన్నది. అందరికి అందించినట్లే ఆమెకును పాత్ర అందించినాము. మా కన్నులు పుస్తకము మీద ఉన్నవి గాని ఆమె చేతుల మీద లేవు. ఆమె వ్రేళ్లు లోపలికి ముడుచుకొని ఉన్నవి; పాత్రను పట్టుకొనినట్లు చేసినది గాని పట్టు దొరకలేదు. ద్రాక్షారసము ఆమె చీర మీదను, నేల మీదను ఒలికినది. ఎవరును ఏమనలేదు. వెనుక వరుసలో ఒక గుసగుస మాత్రము లేచినది. ఆ తరువాత మూడు నెలలు ఆమె బల్లకు ముందుకు రాలేదు. తలుపు దగ్గర కూర్చుండి, ఆశీర్వాదము కాకముందే లేచి పోయేది.

ఇంటికి పోయి క్షమించమని అడిగినాము. ఆమె నవ్వి, "బీమారి పోయి ముప్పై ఏండ్లాయె అయ్యగారూ. దవఖానోళ్లు కాగితం గూడ ఇచ్చిండ్రు. చెయ్యే తిరిగి రాకపాయె" అన్నది.

ఆ కాగితమునకును ఆ చేతికిని నడుమ ఏమి జరిగినదో, అదియే మేము వ్రాయదలచిన చరిత్ర.

డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారు 1875లో స్కాట్లండులో జన్మించి, 1903లో ఎబర్డీను విశ్వవిద్యాలయములో వైద్యపట్టము పొందినవారు. భర్త రెవరెండు జార్జి కెర్ గారితో కూడ 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషను తరపున నిజాము రాజ్యమునకు వచ్చారు. నిజామాబాదులో పని చేయుచుండగా కుష్ఠురోగులు వైద్యము కోరి వారి గుమ్మము ముందరికి రాసాగారు. ఇంటివారు వెళ్లగొట్టిన వారికి ఊరిలో చోటు లేదు, ఆసుపత్రిలోను చోటు లేదు. ఈ అవసరము చూచి పెద్ద మొత్తము విరాళమిచ్చిన దాత మన సంఘస్థుడు కాడు. నిజామాబాదుకు చెందిన హిందూ ధర్మాత్ముడు రాజా నర్సాగౌడుగారు. మన శతాబ్ది సభలలో ఈ పేరు మిషనెరీల పేర్ల వెనుక మెల్లగా పలుకబడుచున్నది. బిగ్గరగా పలుకుట న్యాయము. అట్లు 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు వైద్యశాల తెరువబడినది. కెర్ దంపతులకు 1923లో కైసర్-ఇ-హింద్ పతకము లభించినది. దొరసానిగారు 1932లో ప్రభునందు నిద్రించారు.

ఆ కాలములో ఉన్న మందు చాల్మూగ్రా జాతి గింజల నూనె. కలకత్తాలో సర్ లియోనార్డు రోజర్సు, తరువాత డాక్టరు ఎర్నెస్టు ముయిర్ గారు ఈ నూనెను సూది ద్వారా ఎక్కించు పద్ధతిని అభివృద్ధి చేశారు. డిచ్‌పల్లిలో దానిని విస్తారముగా వాడారు. చిక్కని నూనె, సూది పడినచోట నొప్పి, వాపు. రోగము తొలి దశలో ఉన్నవారికి కొంత మేలు కలిగేది, ముదిరినవారికి అంతగా కలిగేది కాదు. డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టరు జాన్ లో గారు తరువాత కలకత్తాకును, అక్కడనుండి నైజీరియాకును పోయి, 1940వ దశకము చివర డాప్సోను మందును చౌకగా, నోటి ద్వారా ఇయ్యవచ్చునని చూపినవారిలో ముఖ్యులయ్యారు. మన జిల్లాలో రోగుల మధ్య నేర్చుకొనిన వైద్యుడు లోకమంతటికి మాత్ర అందించుటలో పాలుపొందెనని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషమును దాచుకొనము. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇయ్యవలెనని చెప్పినది. అప్పటినుండి జీవితకాలము మందు మ్రింగవలసిన పని తప్పి, నేడు ఆరు నెలలు గాని సంవత్సరము గాని వాడిన చాలును.

పాత దినములలో కుష్ఠు వైద్యశాలల నుండి ఇంటికి పంపునప్పుడు, రోగ లక్షణములు లేవని ఒక పత్రము ఇచ్చేవారు. వైద్యులు మచ్చలను చూచేవారు. చర్మమును గీసి సూక్ష్మదర్శినిలో క్రిములను వెదికేవారు. క్రిములు లేకున్న స్వస్థత. ఇందులో వారి తప్పేమియు లేదు. అంటునని భయపడు లోకమునకు చూపుటకు ఆ పత్రము అవసరమే. కాని ఇంటికి పోయిన తరువాత ఈమె నూతిలోనుండి నీళ్లు చేదగలదా, పొయ్యి మీద గిన్నె దించగలదా అని అడుగు గడి ఆ పత్రములో లేదు.

ఎందుకు అడుగవలెనో చెప్పెదము. ఈ క్రిమి చర్మములోనే గాక నరములలో కాపురముండును. శరీరములో చల్లగా ఉండు భాగములను, చర్మమునకు దగ్గరగా పోవు నరములను అది ఎన్నుకొనును. మోచేతి వెనుక నరము దెబ్బతిన్న చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు ముడుచుకొనును. మణికట్టు దగ్గరి నరము పోయిన బొటనవ్రేలు మిగిలిన వ్రేళ్లకు ఎదురుగా రాదు. మోకాలి ప్రక్క నరము పోయిన పాదము వ్రేలాడును. ముఖములోని నరము పోయిన కన్ను మూతపడదు. మందు క్రిమిని చంపును గాని, చచ్చిన నరమును లేపదు. అందుచేత రోగము వెళ్లిపోయిన ఇంటిలో దాని నష్టము మాత్రము నిలిచిపోవును.

వీటన్నిటికంటె పెద్ద నష్టము స్పర్శ పోవుట. ఇది పైకి కనబడదు. ఆ కాలపు వైద్యులు, ముఖ్యముగా ముయిర్ గారు, మంచి ఆహారము, వ్యాయామము ఉన్నప్పుడే మందు పనిచేయునని నమ్మేవారు. అందువలన అనేక కుష్ఠు ఆశ్రమములలో రోగులు పొలము దున్నారు, కూరగాయలు పండించారు, గోడలు కట్టారు. బిచ్చమెత్తుకొనిన మనిషికి తన చేతి కష్టము తినుట గొప్ప గౌరవమే. కాని పార కామ నొక్కుకొని బొబ్బలెక్కినను ఆ చేతికి తెలియదు. బొబ్బ పగిలి పుండగును, పుండు ఎముకకు చేరును, వ్రేలు కురుచయగును. గౌరవమునిచ్చిన పనియే కొందరి వ్రేళ్లను తీసికొనిపోయినది. వ్రేళ్లు రాలిపోవుట రోగముయొక్క గుణమని ఆ దినములలో వైద్యులును అనుకొనేవారు.

ఆ అభిప్రాయమును మార్చినది మన పొరుగున ఉన్న వేలూరు. 1946లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు గారు, మాంసము తనంతట తాను కుళ్లుటలేదనియు, నొప్పి తెలియనందున కలిగిన గాయములే వ్రేళ్లను తినివేయుచున్నవనియు చూపించారు. రాత్రి వ్రేలు ఉండి తెల్లవారి లేకపోయిన రోగుల సంగతి విచారించగా, నిద్రలో ఎలుకలు కొరుకుచున్నవని తేలినది. అప్పుడు రోగులకు పిల్లులను పెంచుకొనుమని ఇచ్చారట. వైద్య చరిత్రలో పిల్లికి ఇంత గౌరవము మరెక్కడ దొరికినదో మాకు తెలియదు. ఆరోగ్యముగా ఉన్న కండరపు స్నాయువును దారి మళ్లించి ముడుచుకొనిన వ్రేళ్లను తెరచు శస్త్రచికిత్సను ఆయన 1948 నుండి చేశారు. దాని తరువాత మెత్తని రబ్బరు అడుగు గల ఎం.సి.ఆర్. చెప్పులు వచ్చినవి. పాదములను రోజూ నీటిలో నానబెట్టి, గట్టిపడిన చర్మమును గీకి, నూనె రాయవలెనను బోధ వచ్చినది. ఏ మందుల దుకాణములోను దొరకని ఈ పదిహేను ఇరువది నిమిషముల పని అనేకుల పాదములను కాపాడినది.

అయితే ఇవన్నియు అందరికి సకాలములో అందలేదు. డిచ్‌పల్లి నుండి కాగితము పుచ్చుకొని వెళ్లినవారు పోయినది ఏ లోకమునకు? నిజాంసాగర్ కాలువ క్రింది వరి మళ్లకు, బోధన్ చక్కెర కర్మాగారము చుట్టు పెరిగిన చెరకు తోటలకు, బీడీలు చుట్టు గడపలకు. చెరకు కొట్టిన చేనులో నిలిచిన మోళ్లు కత్తులవలె ఉండును. స్పర్శ ఉన్నవాడు చూచుకొని అడుగు వేయును, లేనివాడు ఇంటికి వచ్చి రక్తపు మరక చూచి తెలిసికొనును. మన నిజామాబాదు ఆడబిడ్డలకు అన్నము పెట్టిన బీడీ పని సంగతి మీకు చెప్పనక్కరలేదు. చాట ఒడిలో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారము కట్టి, మూతి మడుచుటకు పది వ్రేళ్ల కొనలును మాటలాడుకొనవలెను. బొటనవ్రేలు ఎదురు తిరుగని చేతికి ఆ కూలి లేదు. ఊరివారు ఒప్పుకొనినను చెయ్యి ఒప్పుకొనదు. చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. దానిలో పనిచేసినవారి బాధను అందరును చెప్పుకొనుచున్నారు, చెప్పుకొనవలసినదే. ఆ చెరకు మోళ్ల మీద పాదములు పోగొట్టుకొనినవారి లెక్క ఏ సంఘములోను వ్రాయబడలేదు.

ఇక వృద్ధాప్యము. మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇక్కడనే ఉన్నది. వయస్సులో ఉన్నప్పుడు ఈ తల్లులు, తండ్రులు ఎన్నో ఉపాయములు నేర్చుకొనినారు. వేడి గిన్నెను చేతితో గాక కంటితో తాకుట నేర్చుకొనినారు. ఆవిరి చూచి వేడి తెలిసికొందురు. రెండు మణికట్టుల నడుమ చెంబు పట్టుకొందురు. చీర కుచ్చెళ్లు పండ్లతో పట్టి దోపుకొందురు. ఇట్లు నలుబది యేండ్లు గడిపిన తరువాత కంటికి శుక్లము వచ్చును. మూతపడని కన్నునకు దుమ్ము, ఎండ తగిలి అది ముందే చెడియుండును. చూపు పోయిననాడు వారి చేతులు రెండవసారి పోయినవి. మనలో ముసలివారు చూపు తగ్గిన తడుముకొని నడుతురు. వీరికి తడుముకొనుటకు స్పర్శ లేదు. పండ్లు ఊడినవి గనుక కుచ్చెళ్లు పట్టుటకును ఆధారము పోయినది. మోకాళ్ల నొప్పులు అందరివలెనే వచ్చును. కర్ర పట్టుకొమ్మందురు, కర్రను పట్టుకొనుటకు పిడికిలి కావలెను గదా.

వృద్ధుల స్థితిని రోగము పేరుతో గాక నిత్యకృత్యములతో కొలువవలెనని అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ 1963లో చెప్పినాడు. స్నానము, బట్టలు కట్టుకొనుట, దొడ్డికి పోవుట, మంచము మీదినుండి లేచుట, మలమూత్రముల అదుపు, అన్నము తినుట అను ఆరింటిలో ఎన్ని ఒంటరిగా చేసికొనగలరు అని ఆయన అడిగినాడు. కుష్ఠు వలనను, మధుమేహము వలనను స్పర్శ పోయినవారికొరకు 2007లో సాల్సా అను పేరుతో ఇరువది ప్రశ్నల పట్టిక ప్రచురింపబడినది. వంట చేయగలవా, వేడి పానీయమున్న పాత్ర పట్టుకొనగలవా, గోళ్లు కత్తిరించుకొనగలవా, సూదిలో దారము ఎక్కించగలవా, నేల మీది వస్తువులు తీయగలవా అని అది అడుగును. అందులో మాకు నచ్చినది ఒకటున్నది. చేయగలను అన్నంత మాత్రమున అది తృప్తిపడదు; చేయుటలో గాయము కాకుండునా అని కూడ విచారించును. మనము పరామర్శకు పోయి, "బాగున్నావా అమ్మా?" అని అడిగి, "బాగున్న అయ్యగారూ" అనగానే ప్రార్థన చేసి వచ్చెదము.

దేశ చట్టము సహితము మెల్లగానే కన్ను తెరచినది. బ్రిటిషువారి 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016 వరకు రద్దు కాలేదు. కుష్ఠు కారణముగా విడాకులు కోరు హక్కును 2019లో తొలగించారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, కుష్ఠు నయమైనను స్పర్శ పోయినవారిని వికలాంగులలో చేర్చినది. తీవ్రమైన వైకల్యమునకు ముదిమి తోడై జీవనోపాధికి ఏ పనియు చేయలేనివారిని కూడ చేర్చినది. ముదిమి అను మాట ఆ చట్టములో ఉండుట చూచి మేము ఆశ్చర్యపడితిమి. మన దేశము 2005 డిసెంబరులో కుష్ఠును పదివేలమందికి ఒకరికంటె తక్కువకు తగ్గించినది. అయినను లోకములో కొత్తగా బయటపడు రోగులలో సగమునకు మించి నేటికిని మనవారే. కనుక ముడుచుకొనిన చేతులు పాతకాలపు సంగతి అని ఎవరును అనుకొనరాదు.

మరియొక తప్పును ఒప్పుకొనవలెను. ఒక మే నెలలో, ఎం.సి.ఆర్. చెప్పులతో దేవాలయములోనికి రాబోయిన ఒక పెద్దాయనను, చెప్పులు బయట విడిచి రండని మేమే చెప్పితిమి. మన ఆచారమది. ఆయన మారు పలుకక విడిచినాడు. గుమ్మము ముందరి బండలు ఎండకు కాలుచున్నవి. మేము ఎగిరి దాటితిమి; ఆయన నిదానముగా నడిచి వచ్చినాడు. కాలుట ఆయనకు తెలియదు. రెండు దినములకు రెండు అరికాళ్లును బొబ్బలెక్కినవని కబురు వచ్చినది. మోషే చెప్పులు విడిచిన సంగతి మీద మేము ఎన్నో ప్రసంగములు చేసియున్నాము గాని, ఎవరి పాదములో స్పర్శ ఉన్నది, ఎవరి పాదములో లేదు అని చూచిన దినము అంతకుముందు లేదు.

ఇంతవరకు చదివిన కొందరు, మా సంఘములో కుష్ఠు నయమైనవారు ఎవరును లేరు గదా అందురు. ఉండకపోవచ్చును. కేన్సరు నయమైనవారు ఉన్నారు. వెనుకటి తరములో ఆ పేరు వినుటయే మరణవార్త. హైదరాబాదులో ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రి 1955లో వచ్చినది మొదలు నేటి వరకు, మన జిల్లానుండి రైలెక్కి పోయి బ్రతికి వచ్చినవారు ప్రతి పాస్టరేటులోను ఉన్నారు. కృతజ్ఞతార్పణ చేయుదుము, సాక్ష్యము చెప్పించెదము. ఆ తరువాత? రొమ్ము తీసివేసి చంకలోని గ్రంథులు తీసినందున ఒక తల్లి చెయ్యి వాచి, భుజము పైకి లేవక, తల దువ్వుకొనలేక యుండును. దవడకు ఆపరేషనైనవానికి నోరు రెండు వ్రేళ్లంత కూడ తెరచుకొనదు. ప్రేమవిందులో అందరి నడుమ కూర్చుండి తినుటకు సిగ్గుపడి జ్వరమని చెప్పి మానివేయును. కేన్సరు మందులలో కొన్ని చేతుల, కాళ్ల నరములను దెబ్బతీయును. వ్రేళ్ల కొనలు మొద్దుబారును, గుండీలు పట్టుబడవు, చెప్పు కాలినుండి జారిపోయినను తెలియదు. కొందరికి తగ్గును, వయస్సు మీరినవారిలో కొందరికి నిలిచిపోవును. డిచ్‌పల్లిలో వందేండ్లనుండి చూచిన సంగతినే ఇప్పుడు మరియొక రోగము పేరుతో చూచుచున్నాము. అప్పుడు కాగితము ఇచ్చి పంపినారు, ఇప్పుడు ఫైలు ఇచ్చి పంపుచున్నారు.

ఆ పల్లెలోని తల్లి సంగతి ముగించవలెను. పాత్ర ఎట్లు అందించవలెనో నీవే చెప్పుమని మేము అడిగితిమి. "మీరే పట్టుకోండ్రి, నేను వంగుత. గంతే" అన్నది. అట్లే చేసితిమి. కొన్ని నెలలకు మరి ఇద్దరు ముసలివారు కూడ, వారికి కుష్ఠు ఎన్నడును లేదు గాని చేతులు వణుకును, మీరే పట్టుకొనుడని అడిగినారు. అంతవరకు వారు ఎట్లు భయపడుచు పాత్ర పట్టిరో మాకు తెలియదు. ఇంటిలో ఆమె టీ త్రాగు స్టీలు గ్లాసునకు చుట్టుకొనిన పాతగుడ్డ తీసివేసి మంచి చెక్కపిడి వేయించవలెనని అనుకొంటిమి. వడ్రంగికి చెప్పితిమి కూడ. అది సిద్ధము కాకముందే ఆమె కన్నుమూసినది.

ఇప్పుడు మేమున్న సంఘములో, కేన్సరునుండి లేచిన ఒక పెద్దాయన ఉన్నారు. మంచి గాత్రము. చికిత్స తరువాత పాడుట మానివేసిరి. గొంతు పోయినదేమోనని అందరు అనుకొనిరి. అడుగగా, కీర్తనల పుస్తకములోని పలుచని పుటలు వ్రేళ్లకు తగులుటలేదనియు, ఒక్కసారి పది పుటలు తిరిగిపోవుచున్నవనియు చెప్పినారు. ఇప్పుడు ప్రక్కన కూర్చుండు కుర్రవాడు పుటలు త్రిప్పుచున్నాడు. అప్పుడప్పుడు తప్పు పుట త్రిప్పును. అయినను పెద్దాయన ఆ పుటలో ఏది ఉన్నదో అదే ఎత్తుకొని పాడుదురు, మేమందరము సర్దుకొని వెనుక పాడుదుము.